లిమిట్స్ మేడం

హయత్‌నగర్ దాటీ దాటకముందే లారీ ఆగిపోయింది. ముందు లారీలు, వాటి ముందు ఇంకా లారీలు, ఆ ముందెక్కడో డప్పుల చప్పుడు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. ఆర్టీసీ బస్సులు డిపోల్లో పడుకున్నాయి, బడులకూ కాలేజీలకూ తాళాలు పడ్డాయి. సూర్యాపేట నుంచి నన్ను దాణా బస్తాల మీద కూర్చోబెట్టుకొచ్చిన డ్రైవరు ఇంజను ఆపేసి, తువ్వాలు మొహం మీద కప్పుకొని, "ఇగ పొద్దుమీకేదాక ఇంతే. నడువు పెద్దాయనా," అన్నాడు. నడక నాకు కొత్త కాదు. దిగాను.

జింకల పార్కు గోడ వెంట కొంత దూరం పోయేసరికి ఒక కరెంటు స్తంభం కింద ఒకావిడ తలెత్తి నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి. నేత చీర, భుజానికి గుడ్డ సంచి. స్తంభానికి దిల్‌సుఖ్‌నగర్ కాలేజీ ఒకదాని ఫ్లెక్సీ కట్టి ఉంది. దాని పైమూల తాడు తెగి, ఆ మూల మడతపడి, బొమ్మలోని లెక్చరరు మొహం మీదికి వాలింది. కోటు, టై, చేతులు కట్టుకున్న దర్జా, అన్నీ కనిపిస్తున్నాయి. తల ఒక్కటే లేదు.

"తాడు నా సంచిలో ఉందమ్మా, కట్టమంటావా?" అన్నాను.

"ఒద్దు పెద్దయ్యా. అట్లనే ఉండనియ్యి. గిట్లనే మంచిగున్నడు."

నవ్వకుండా అని నడక మొదలుపెట్టింది. నేనూ పోయేది అటే కనుక పక్కన కలిశాను.

"ఎవరమ్మా ఆ తల లేని ఆయన?"

"మల్లికార్జునరావు సారు. డెరివేటివ్స్." ఇంటిపేరు చెప్పినంత మామూలుగా చెప్పింది.

"మరి నువ్వు?"

"స్వరూపరాణి. లిమిట్స్."

ఆ కాలేజీల సంగతి తెలియనివారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. అక్కడ లెక్కల లెక్చరరంటే లెక్కలన్నీ చెప్పే మనిషి కాదు. ఒక్కొక్కరికి ఒక్కో పాఠం పంచుతారు. ఆ ఒక్క పాఠాన్నే పొద్దున్నించి సాయంత్రం దాకా ఈ సెక్షన్ నుంచి ఆ సెక్షన్‌కు, ఈ బిల్డింగు నుంచి ఆ బిల్డింగుకు మోసుకు తిరగాలి. వచ్చే ఏడూ అదే, ఆ పై ఏడూ అదే. కొన్నాళ్లకు మనిషి పేరు పోయి పాఠం పేరు మిగులుతుంది. ఒకప్పుడు కృష్ణ ఒడ్డున ఒక ఊళ్లో మృదంగాలకు నడిమధ్య నల్లటి ముద్ద అద్దడం ఒక్కటే పనిగా బతికే కుటుంబాన్ని చూశాను. వాళ్లకు మృదంగం వాయించేవాడంటే పడేది కాదు. అద్దేది మేము, దాని మీద వేళ్లు ఆడించి చప్పట్లు కొట్టించుకునేది వాడు అని ఇంటిల్లిపాదీ మూతి విరిచేవారు. స్వరూపరాణి పక్కన నడుస్తుంటే వాళ్లే గుర్తొచ్చారు.

నాకు తెలిసిన ముక్క ఒకటి అన్నాను: "లిమిట్ అంటే ఎంత నడిచినా చేరలేని చోటట కదా. ఇవాళ మనకు ఎల్బీ నగర్ లాగ."

ఆమె టక్కున ఆగింది. "ఎవరు జెప్పిండ్రు? రావు సారా?"

"ఎక్కడో చదివానమ్మా."

"అందరు గదే అంటరు. చేరుతదా, చేరదా అని మేం అడగనే అడగం పెద్దయ్యా. ఎటు పోతున్నది, దేనికి ఎంత దగ్గరికంటే అంత దగ్గరికి రాగలుగుతది, గంతే. చేరితే చేరనియ్యి, మనకేంది?" సంచిలోంచి సుద్దల డబ్బా తీసింది. పార్కు గోడ మీద అడ్డగీత గీసి, పైన x² − 4 అని, కింద x − 2 అని రాసింది. "xకు రెండు పెట్టు. పైన సున్న, కింద సున్న. ఏం జెప్పనీకి రాదు. మరి జర పక్కకు జరుగు. ఒకటి పాయింట్ తొమ్మిది పెడితే మూడు పాయింట్ తొమ్మిది వస్తది. రెండు పాయింట్ ఒకటి పెడితే నాలుగు పాయింట్ ఒకటి. ఇటునుంచి, అటునుంచి, అందరు నాలుగు దిక్కే చూస్తున్నరు. ఇంటికి తాళం ఉన్నది, లోపల ఎవరున్నరో తెల్వదు. గాని వాడకట్టంత ఇది ఫలానాయన ఇల్లే అంటున్నది. గా మాటనే లిమిట్."

గోడ అవతల ఒక జింక చెవులు నిక్కబొడుచుకొని వింటున్నట్టే నిలబడింది. అంత బాగా చెప్పింది మరి.

"గిది పిల్లల తలకెక్కనీకి నాకు నెల పడుతది," అంది మళ్లీ నడుస్తూ. "గొంతు ఆరిపోతది. నాది అయిపోంగనే రావు సారు వస్తడు. మొదటి రోజే బోర్డు మీద ఇదే లెక్క రాస్తడు. పైనదాన్ని డెరివేటివ్ చెయ్యి, కిందదాన్ని డెరివేటివ్ చెయ్యి, రెండు పెట్టు, నాలుగు. అయిపాయె. లోపిటాల్ రూలు అంటరు దాన్ని. హాస్పిటల్ లెక్క వినపడుతదని మా పిల్లలు దవాఖాన రూలు అంటరు. క్లాసంత ఒక్కటే చప్పట్లు. వరండల పోతుంటే నాకు వినపడుతయి. మర్నాడు ఒక పోరి వచ్చి అడిగింది: 'మేడం, గింత అల్కగ ఉంటే మాతోని నెలరోజులు ఏం జేయించిండ్రు?'"

"నువ్వేమన్నావు?"

"ఏమనాలె? అటెండెన్సు తీసుకున్న."

వనస్థలిపురం దాకా ఆమె జీవితం ముక్కలు ముక్కలుగా విన్నాను. వాళ్లది ఇబ్రహీంపట్నం అవతలి పల్లె. తండ్రి బిక్షమయ్య ఆర్టీసీ డ్రైవరు. సెలవుల్లో బిడ్డను ఇంజను పక్కన బోనెట్ మీద కూర్చోబెట్టుకొని తిప్పేవాడు. ఆ పిల్ల కిటికీలోంచి చెట్లు చూసేది కాదు, స్పీడు ముల్లు చూసేది. ఊరూరా ఆగుతూ పోయే బస్సు పట్నం చేరేసరికి పూటంతా పడుతుంది. అయినా మధ్యలో ముల్లు నలభై అంటుంది, ముప్ఫై అంటుంది. ఒక గంటలో ఎంత దూరం పోయిందో చూస్తే వేగం తెలుస్తుంది, సరే. మరి ఈ ముల్లు 'ఇప్పుడు' నలభై అంటున్నదే, ఇప్పుడంటే ఎంతసేపు? రెప్పపాటులో బస్సు ఎంత పోతుంది? రెప్పపాటు కూడా లేకపోతే దూరమూ లేదు, కాలమూ లేదు, సున్న కింద సున్న. మరి ముల్లుకెట్లా తెలిసింది? తండ్రిని అడిగితే, "ఇప్పుడంటే ఇప్పుడే బిడ్డా, ముందల చూడు," అన్నాడట.

సరూర్‌నగర్ హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నప్పుడు జవాబు దొరికింది. ఆ సున్న కింద సున్న చుట్టూ మెల్లగా దగ్గరవుతూ పోతే తేలే వేగమే డెరివేటివ్. "గారోజు అన్నం సయించలే పెద్దయ్యా," అంది. "నా ప్రశ్నకు ఒక పేరున్నదని తెలిసె. గది చెప్పనీకే లెక్చరరునైన."

ఎమ్మెస్సీ చేసి దిల్‌సుఖ్‌నగర్‌లో చేరిన ఏడే గుడివాడ నుంచి మల్లికార్జునరావు కూడా వచ్చి చేరాడు. పాఠాలు పంచేనాడు ఆమె నోరు తెరిచి డెరివేటివ్స్ అడిగింది. ఆయన ఏమీ అడగలేదు. ఆయనకు మంచి గొంతు ఉంది, ఆరడుగుల ఎత్తుంది, డెరివేటివ్స్ ఆయనకిచ్చారు. "మీది ఓపికైన పద్ధతమ్మా, లిమిట్స్ మీకే బాగుంటాయి," అన్నాడట ప్రిన్సిపాలు. అప్పటినుంచి ఆయన బొమ్మ ఆటోల వెనక, స్తంభాల మీద, చైతన్యపురి మలుపులో మేడంత ఎత్తున. లిమిట్స్‌కు ఫ్లెక్సీ ఎవరు వేస్తారు?

"మనిషి ఎట్లాంటివాడు?" అని అడిగాను.

"అదే కదా నా బాధ. చెడ్డోడైతే మంచిగుంటుండె. ఊరికి పోయొచ్చినప్పుడల్ల స్టాఫ్ రూముల పూతరేకులు పంచుతడు. నాకు రెండు ఎక్కువ పెడతడు. మస్తు రుచిగుంటయి. గదో కోపం."

"ఇంట్లో ఏమంటారు?"

"మా ఆయన కరెంటాఫీసుల పనిజేస్తడు. నీకు పడిశం పట్టినా రావు సారే కారణమంటవ్ అని నవ్వుతడు."

నాకొకటి తోచింది, అనేశాను. అసూయ ఎత్తును చూడదు, ఏటవాలును చూస్తుంది. ఎక్కడో కొండమీద ఉన్నవాణ్ని చూసి ఎవరికీ కడుపు మండదు. మన పక్కనే బయలుదేరి, మన కళ్లముందే, మనకంటే చురుగ్గా పైకి పోయేవాణ్ని చూస్తేనే మండుతుంది. వాడు ఎంత పైనున్నాడన్నది కాదు, ఎంత వేగంగా పోతున్నాడన్నదే లెక్క.

"గీ మాట రావు సారుకు మాత్రం జెప్పకు పెద్దయ్యా. రేపే క్లాసుల చెప్పి చప్పట్లు కొట్టించుకుంటడు."

ఆమెను కొంచెం తేలికపరుద్దామని మరో సంగతి ఎత్తాను. అసలీ డెరివేటివ్స్ శాస్త్రం పుట్టుకే తగాదాతో జరిగింది. ఇంగ్లండులో ఒక పెద్దమనిషి, జర్మనీలో ఒక పెద్దమనిషి, ఎవరికివారే దీన్ని కనిపెట్టి, నేను ముందంటే నేను ముందని ముసలితనం దాకా పోట్లాడుకున్నారు. అంతటి మేధావులకే తప్పలేదు కదా అని నా ఉద్దేశం.

"ఎరుకే," అంది. "తీర్పు ఇంగ్లండాయన దిక్కు ఇచ్చిండ్రు. గాని ఇయ్యాల మేం బోర్డు మీద dy బై dx అని రాసేది జర్మనీ ఆయన గుర్తులే. ఓడినోడే గెలిచిండు చూడు." ఆ తలపు ఆమెకు చాలా ఇష్టమైనదని గొంతులోనే తెలిసింది. తరవాత మెల్లగా, "ఇయ్యాల నాది గుడ తేలుతది," అంది.

అప్పుడు చెప్పింది అసలు విషయం. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆ రోజు వంటా వార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతులు సాగించి నిరసన చెప్పడం. దాని పక్కనే విద్యార్థుల కమిటీ రోడ్డు మీద పాఠం పెట్టింది. కాలేజీలు మూసినా చదువు మానలేదని చూపడానికి. ఆ పాఠం స్వరూపరాణి చెప్పాలి. అయ్యాక అందరూ ఊరేగింపుగా దిల్‌సుఖ్‌నగర్ పోయి కాలేజీ ఆఫీసులో కూర్చోవాలి. సమ్మె విరమించి తలుపులు తెరిచిన రోజు నుంచి డెరివేటివ్స్ తెలంగాణ లెక్చరరుకే ఇవ్వాలని కమిటీ పట్టు. యాజమాన్యం దిగివచ్చింది. ఒక్కటే మెలిక: సాయంత్రంలోగా ఆ మేడం స్వయంగా వచ్చి, నాకు కావాలని తన నోటితో అడగాలి.

"తెలంగాణ గావాలె. అది నిజం. మా ఆయన సమ్మెల ఉన్నడు, నేను గుడ ఉన్న. రావు సారు క్లాసు గావాలె. గిదీ నిజమే. ఈ రెండు ఒకటి గావు పెద్దయ్యా. రావు సారు వరంగల్లోడైనా నాకు గింతే మండుతుండె. గాని పిల్లలు రెండింటిని ఒక్క జెండకు గట్టిండ్రు."

"వద్దంటావా మరి?"

"ఎందుకంట? పొద్దుగాల్ల లేచి తలకు పోసుకొని మరీ బయలెల్లిన."

చింతలకుంట దాటాక పొగ కనిపించింది, పోపు వాసన వచ్చింది. చౌరస్తా నిండా జనం. రాళ్ల పొయ్యిల మీద పెద్ద పెద్ద గంజులు. కర్మన్‌ఘాట్ నుంచి వచ్చిన అండాలమ్మ అనే పెద్దావిడ కొంగు నడుముకు దోపి పప్పు కలుపుతూ, దారిన పోయే ప్రతివాణ్నీ తినిపొమ్మని గదమాయిస్తోంది. డివైడరుకు ఒక నల్లబల్ల ఆనించి ఉంది. దాని ముందు తారు మీద కూర్చున్న పిల్లలంతా ఆమె దగ్గరా రావు సారు దగ్గరా చదివినవాళ్లే. కమిటీ నాయకుడు రాజశేఖర్ కూడా ఆమె పాత శిష్యుడే. ఇప్పుడు డిగ్రీ.

"మేడం వచ్చింది! జరుగుండ్రి, జరుగుండ్రి!" అన్నాడు. చప్పట్లు పడ్డాయి. ఆమె సుద్దల డబ్బా డివైడరు మీద పెట్టి, ఒక సుద్ద తీసుకొని తిరిగేసరికి ఆగిపోయింది. జనం వెనక, మూసిన షాపు షట్టరు ముందు, చేతిలో హెల్మెటుతో ఒక ఆరడుగుల మనిషి. రోడ్డు మూసేయడంతో బండి ఆపుకొని నిలబడ్డాడు. ఫ్లెక్సీలో లేని తల ఇక్కడ ఉంది.

స్వరూపరాణి నల్లబల్ల మీద sin x అని రాసి, కింద x అని రాసింది. "x సున్న దిక్కు పోతే గిది ఎటు పోతది?"

"ఒకటి!" అన్నారు పిల్లలు.

"ఎట్ల?"

"దవాఖాన రూలు మేడం! పైన డెరివేటివ్ cos x, కింద ఒకటి. సున్న పెడితే ఒకటి!"

"sin x డెరివేటివ్ cos x అని ఎవరు జెప్పిండ్రు?"

"రావు సారు!"

"ఆయనకెట్ల తెల్సె?"

ఆమె తిరిగి రాయడం మొదలుపెట్టింది. నాకు సగమే అర్థమైంది గాని ఆ సగం చాలు. sin డెరివేటివ్‌ను మొదటి నుంచి రాబట్టాలంటే దారిలో sin h కింద h అనే ముక్క అడ్డం వస్తుంది. అది ఒకటి అవుతుందని ముందే తెలియాలి. అంటే ఏది తేల్చాలో అదే ముందు కావాలి. వృత్తం గీసి, దాంట్లో ఒక చిన్న త్రికోణం, దాన్ని కప్పుతూ వృత్తం ముక్క, ఆ ముక్కను కప్పుతూ పెద్ద త్రికోణం గీసింది. ఆ రెండు త్రికోణాల మధ్య నలిగి అది ఒకటి కాక తప్పదని చూపించింది. "గిదే నెలరోజులు మనం జేసింది," అంది. తరవాత సుద్దను గాల్లో ఆడించింది. "మీ దవాఖాన రూలు సంగతేందో తెల్సా? వానికి జమానత్ నేనుంట, నా పూచీ వాడుంటడు అన్నట్టున్నది. గసుంటోళ్లకు ఏ కోర్టుల బెయిలిస్తరు?"

గొల్లున నవ్వారు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఎవరో ఈల వేశారు. "సార్, ఏమాయె మీ రూలు?" "సారుకు బెయిల్ దొరకలేదురో!"

అప్పుడు స్వరూపరాణి మొహం చూడాలి. ఆ వెలుగు నేను పెళ్లిపీటల మీద కూడా ఎక్కువగా చూడలేదు.

మల్లికార్జునరావు పిల్లల మధ్య నుంచి దారి చేసుకుంటూ ముందుకు వచ్చాడు. నల్లబల్ల మీది బొమ్మను తీరిగ్గా చూశాడు. "మేడం గారు చెప్పింది నిజమేనయ్యా," అన్నాడు. గొంతు నిజంగానే మంచి గొంతు. మైకు లేకుండా పొయ్యిల దాకా వినిపించింది. "దాంతో జవాబు సరిగ్గానే వస్తుంది గానీ, అది రుజువు కాదు. ఆవిడ ముందు కష్టపడి ఆ లిమిట్ చెప్పబట్టే తరవాత నా బండి నడుస్తోంది. ఈ మాట మీకు క్లాసులో ఏనాడూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది."

వెంటనే చప్పట్లు. ఆమెకు పడ్డవాటికంటే పెద్దవి, ఎంతకీ ఆగనివి. "సార్ గ్రేట్ సార్!" అని ఎవరో అరిచారు. ఇందాక ఈల వేసినవాడు మళ్లీ వేశాడు, ఈసారి మెచ్చుకుంటూ. అండాలమ్మ గరిటె పట్టుకొని వచ్చేసింది. "పెద్దమనిషివి బిడ్డా. నలుగురి ముందట ఒప్పుకునుడు అందరితోని గాదు. పా, మొదటి బంతిల కూసో."

స్వరూపరాణి చేతిలో సుద్ద అలాగే ఉంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు మాత్రం వినబడింది: "గెలిచింది నేను."

రాజశేఖర్‌కు ఉత్సాహం పట్టపగ్గాల్లేకుండా పోయింది. "సార్, డెరివేటివ్స్ మేడంకు ఇయ్యమంటున్నం. మీరేమంటరు?"

"హాయిగా ఇవ్వండయ్యా. నాకంటే బాగా చెప్తారావిడ. కావాలంటే నేనే ఆఫీసుకొచ్చి నా నోటితో చెప్తాను."

మళ్లీ చప్పట్లు. ఏళ్లుగా కోరుకున్నది చేతికొచ్చింది, ఆయన చేతిలోంచి, పూతరేకుల్లాగ, రెండు ఎక్కువే.

"ఇచ్చేటందుకు ఆయనెవరు?" అంది, ఎవరితోనూ కాదు.

"అయితే ఇయ్యాల ఇద్దరు కలిసి జెప్పుండ్రి!" అన్నాడు రాజశేఖర్. "sin x డెరివేటివ్ మేడం సగం దాక తెచ్చింది. మిగతాది సార్, మీరు పూర్తి జెయ్యుండ్రి."

మల్లికార్జునరావు ఆమె వైపు తిరిగి, "అనుమతిస్తారా మేడం?" అని సుద్ద కోసం చెయ్యి చాపాడు.

ఆమె ఆ చేతిని చూసింది. తన చేతిలోని సుద్దను చూసింది. దాన్ని డబ్బాలో పెట్టింది, మూత బిగించింది, డబ్బాను సంచిలో వేసుకుంది. సమ్మె వల్ల ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఒక్క షాపు తెరిచి లేదు. వేరే సుద్ద దొరకదని అక్కడున్న అందరికీ తెలుసు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది.

"మేడం, ఆఫీసుకు పోవాలె గదా?" అన్నాడు రాజశేఖర్. "సాయంత్రం దాటితే వాళ్లు మాట మారుస్తరు. మేడం!"

ఆమె దిల్‌సుఖ్‌నగర్ వైపు తిరగలేదు. వచ్చిన దారికే, హయత్‌నగర్ వైపు తిరిగింది. నా భుజం తగిలేంత దగ్గరగా పోయింది. పొద్దుటినుంచి నాతో అంత మాట్లాడిన మనిషి నా మొహం చూడలేదు, పోయొస్తానని తల కూడా ఊపలేదు.

వెనక అండాలమ్మ గొంతు వినబడింది. "సుద్ద లేకుంటే ఏమాయె సారూ, బతుకమ్మ కాడ వేసినంక మిగిలిన ముగ్గు ఉన్నది, పట్టు!" మల్లికార్జునరావు వంగి, తారు రోడ్డు మీద ముగ్గుతో వంకరటింకరగా గీత గీస్తున్నాడు. పిల్లలు నవ్వుతూ చుట్టూ మూగారు. ఒక గీత సరిగ్గా వచ్చింది కాబోలు, చప్పట్లు మోగాయి.

ఆ చప్పట్లు ఆమెకూ వినబడ్డాయి. వెనక్కి చూడలేదు గాని నడక పెరిగింది. ఆగిన లారీల మధ్య నుంచి, సంచిలో సుద్దలు గలగలమంటుండగా, జింకల పార్కు వైపు ఇంకా ఇంకా జోరుగా వెళ్లిపోయింది.